గ్రంథమునకు చిత్రము పడిన ఋణము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



రజతోత్సవమునాడు గ్రంథముల మహిమను పొగడుట ఆచారము. ఆ పనిని నాకంటె బాగుగా చేయగల పెద్దలు ఈ వేదికపై నున్నారు. అందుచే నేను మన పఠనమందిరములో పత్రికల బల్లయొద్ద తఱచుగా చెలరేగు ఒక వివాదమును నా విషయముగా గైకొనుచున్నాను. ఒక గ్రంథమును చలనచిత్రముగా తీసినపుడు అది మూలమును ఎంతవఱకు అనుసరింపవలెను? ఈ ప్రశ్న 2021వ సంవత్సరమున 'కొండపొలం' చిత్రము వచ్చినది మొదలు మన యువకులను రెండు పక్షములుగా చీల్చినది. ఒకరి మాట నొకరు వినక, పుస్తకమును విసరి లేచిపోవువఱకు పోయిన దినములును కలవు. కావున ఇది ప్రొద్దుపోక చేయు చర్చ కాదని నేను తలంచుచున్నాను.

కొండపొలమనగా నేమో మన సీమలోని పెద్దలకు చెప్పనక్కఱలేదు. పిల్లలకొఱకు చెప్పెదను. వానలు వెనుకబట్టి, పల్లెలో మేతయు నీరును కఱవైనపుడు గొఱ్ఱెల కాపరులు మందలను తోలుకొని నల్లమల అడవులలోనికి పోయి, తిరిగి వానలు పడువఱకు అచ్చటనే కాలము గడపుదురు. అదియే కొండపొలము. ఈ బ్రతుకును మన జిల్లా రచయిత శ్రీ సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవలగా వ్రాసిరి. 2019లో తానా నవలల పోటీలో దానికి బహుమతి వచ్చినది. చదువు ముగించియు ఉద్యోగము దొరకక ఇల్లు చేరిన యువకుడొకడు మందవెంట అడవికి పోవును. దప్పికను, చీకటిని, పెద్దపులి భయమును ఎదుర్కొని, అడవియే గురువుగా మనుష్యుడగును. దీనిని దర్శకుడు శ్రీ క్రిష్ చిత్రముగా తీసి 2021 అక్టోబరులో విడుదల చేసిరి. నవలలో లేని ఓబులమ్మ యను నాయికను చిత్రమున చేర్చి, ప్రేమకథను కల్పించిరి.

వివాదమంతయు ఇచ్చటనే పుట్టినది. ఒక పక్షమువారు, "మా తాతలును మామలును కొండపొలము పోయినవారే. ఆ కష్టమును ఉన్నదున్నట్లు వ్రాసిన పుస్తకము మాకు ఇన్నేండ్లకు దొరికినది. దానిలో ప్రేమకథకు చోటేది?" అందురు. రెండవ పక్షమువారు, "నవలను నాలుగు దినములు చదువుదుము, చిత్రమును రెండుమూడు గంటలలో చూడవలెను. ప్రొద్దుటూరునకో పులివెందులకో పోయి టిక్కెట్టు కొను మనుష్యుడు ఆట, పాట, ఒక ప్రేమకథ కోరును. చిత్రము రాకున్నచో ఈ నవల పేరు ఎందఱికి తెలిసియుండెడిది?" అందురు. రెండు మాటలలోను న్యాయము కలదు. అందుచేతనే వివాదము తెగుట లేదు.

నేను గ్రామలెక్కలు వ్రాయువాడను. మా వృత్తిలో నకలు అనునది ఒకటి కలదు. అడంగలునుండి నకలు ఇచ్చునపుడు సర్వే నంబరు, విస్తీర్ణము, పట్టాదారు పేరు మూలములో నెట్లున్నవో అట్లే యుండవలెను. ఒక సెంటు తేడా వచ్చినను ఒకని చేను ఇంకొకని గట్టు దాటును. మొదటి పక్షమువారు చిత్రమును ఇట్టి నకలుగా భావించుచున్నారు. కాని లోకములో ఇంకొక పత్రము కూడ కలదు, అది అప్పుపత్రము. అప్పు తెచ్చినవాడు ఆ సొమ్ముతో ఎద్దులను కొనవచ్చును, బావి త్రవ్వించవచ్చును. తెచ్చిన నోట్లనే మరల తెచ్చి యియ్యనక్కఱలేదు. అయినను ఎవరియొద్ద తెచ్చెనో పత్రములో వ్రాయవలెను. తెచ్చినదానికి తక్కువ కాకుండ తీర్చవలెను. గ్రంథమునుండి పుట్టిన చిత్రము నకలు కాదు, ఋణమని నా యభిప్రాయము. రెండవ పక్షమువారు ఈ ఋణమును మఱచుచున్నారు.

ఈ మాటకు మన ప్రాచీనకవులు సాక్షులు. సంస్కృతమునుండి తెలుగునకు వచ్చుట వేఱు, పుటనుండి తెరకు పోవుట వేఱు అనవచ్చును. కాని మూలమును మార్చవచ్చునా యను ప్రశ్న రెండింటను ఒక్కటియే. నన్నయ భారతమును తెనిగించునపుడు శ్లోకమునకు పద్యమను లెక్క పెట్టుకొనలేదు. తిక్కన భగవద్గీతలోని ఏడువందల శ్లోకముల సారమును కొలది పద్యములలో ఇమిడ్చెను. మన జిల్లాలోని గోపవరమునకు చెందినదని ప్రసిద్ధి గన్న మొల్ల, వాల్మీకి ఇరువదినాలుగువేల శ్లోకములలో చెప్పిన కథను వేయికి లోపైన గద్యపద్యములలో ముగించినది. రంగనాథ రామాయణములో వాల్మీకి చెప్పని ఉడుత వచ్చి వారధికి సాయపడును. మూలములో లేదను కారణమున ఆ ఉడుతను మన పిల్లల మనస్సులనుండి తరుమగలమా?

మూలమును విడువక పట్టుకొన్నవాడును నిందను తప్పించుకొనలేదు. శ్రీహర్షుని నైషధమును శ్రీనాథుడు తెనిగించి, తాను శబ్దము ననుసరించితిననియు, కవి అభిప్రాయమును గమనించితిననియు, రసమును పోషించితిననియు, అనౌచిత్యమును పరిహరించితిననియు గ్రంథాంతమున చెప్పుకొనెను. అంతటివానిని గూర్చియే పండితలోకములో ఒక చమత్కారకథ ప్రచారమందున్నది. "నీ డు, ము, వు, లు నీవు తీసికొని మా సంస్కృత నైషధమును మాకు తిరిగి యిమ్ము" అని విద్వాంసులు పరిహసించిరట. మార్చిన తప్పని కొందఱు, మార్చకున్న తప్పని కొందఱు అను వాదము మన యువకులతో పుట్టినది కాదని ఈ కథవలన తెలియుచున్నది.

మార్చుటవలన లాభమేమో నష్టమేమో తెలియుటకు శకుంతల కథకంటె మంచి ఉదాహరణము లేదు. భారతమున దుష్యంతుడు శకుంతలను ఎఱిగియు, లోకాపవాదమునకు వెఱచి, సభలో ఎఱుగనని పలుకును. అప్పుడు శకుంతల తలవంచి ఏడ్చుచు నిలువదు. పుత్రుని చేయిపట్టుకొని, సత్యముకంటె గొప్ప ధర్మము లేదని రాజునకే నీతి చెప్పును. నన్నయ ఈ ఘట్టమును ఎంత గంభీరముగా తెనిగించెనో ఆదిపర్వము చదివినవారికి తెలియును. కాళిదాసు ఈ కథను నాటకము చేయునపుడు దుర్వాసుని శాపమును, ఉంగరమును కల్పించెను. రాజు మఱచుటకు శాపము కారణమైనది. రాజు దోషము తొలగినది. విరహము, పశ్చాత్తాపము, పునస్సమాగమము అను రసభరితమైన ఘట్టములకు చోటు కలిగినది. పూర్వకథలో రసమునకు విరుద్ధమైనదానిని విడిచి, అనుగుణమైనదానిని కల్పించుట కవికి తగునని తొమ్మిదవ శతాబ్దమున ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున చెప్పెను. అనగా మన అలంకారశాస్త్రమే మార్పునకు అనుమతి యిచ్చినది. కాని రసముకొఱకు మాత్రమే యిచ్చినది.

ఇక జమాఖర్చు చూడవలెను. కాళిదాసు కల్పనవలన లోకమునకు మహానాటకము లభించినది, ఇది జమ. సభలో రాజును నిలదీసిన శకుంతల లోకుల జ్ఞాపకమునుండి క్రమముగా తొలగినది, ఇది ఖర్చు. 1966లో కమలాకర కామేశ్వరరావు తీసిన 'శకుంతల' చిత్రమును కాళిదాసు బాటనే నడచినది. నేడు మన పల్లెలో ఎవరినడిగినను శకుంతల యనగా ఉంగరము, చేప చెప్పుదురు. సత్యమును గూర్చి వాదించిన స్త్రీని ఎందఱు చెప్పగలరు? కాళిదాసును నేను తప్పుపట్టుటలేదు. ఎంత మహాకవి చేసిన మార్పైనను వెనుక ఒక ఖర్చు నుంచిపోవునని మాత్రము చెప్పుచున్నాను. రెండును చదివినవాడు ఆ లెక్క చూడగలడు. ఒకటే ఎఱిగినవాడు అచ్చట మార్పు జరిగినదనియే ఎఱుగడు.

ఇప్పుడు తెరమీదికి వత్తము. చిత్రమునకు కొన్ని నిర్బంధములు కలవని ఒప్పుకొనవలెను. పుస్తకము ఒక మనుష్యుని మనస్సులోని మాటను పది పుటలు చెప్పగలదు. తెర దానిని ముఖమున చూపవలెను. గురజాడ 'కన్యాశుల్కము' తొలికూర్పు 1897లోను, సంస్కరించిన కూర్పు 1909లోను వెలువడెను. ఆ పెద్ద నాటకమును 1955లో పి. పుల్లయ్య చిత్రముగా తీసిరి. నాటకములో లేని పూర్ణమ్మ కథను, గురజాడ వేఱుగా వ్రాసినదానిని, అందులో చేర్చిరి. ఇది మూలమునకు లోపమా? నాటకము ఏ దురాచారమును ఖండించెనో ఆ గేయమును దానినే ఖండించినది. రెండును ఒకే కవి హృదయమునుండి వచ్చినవి. ఇట్టి చేర్పును నేను లోపమనను. పేరుమోసిన నటులు ధరించుటవలన ఆ పాత్రలపై ప్రేక్షకునికి కలుగు మమకారము గురజాడ వ్యంగ్యమును మెత్తబఱచునా అను ప్రశ్న మాత్రము విచారింపదగినది. 1953లో వచ్చిన 'దేవదాసు' ఇందుకు భిన్నమైన ఉదాహరణము. వేదాంతం రాఘవయ్య దర్శకత్వమున వచ్చిన ఆ చిత్రము భాషను, పాటలను, పరిసరములను తెనిగించికొన్నను, శరత్బాబు విధించిన విషాదాంతమును మార్చలేదు. నాయకుని బ్రతికించి ప్రేక్షకులను సంతోషపెట్టుట సులభమే. అట్లు చేసినచో పేరు మిగిలెడిది, కథ పోయెడిది.

ఈ విషయమున మన సీమ బిడ్డలు చేసిన కృషిని చెప్పకున్నచో నా ప్రసంగము కొఱతపడును. పులివెందుల ప్రాంతపు కొత్తపల్లెలో 1908లో జన్మించిన బి.ఎన్. రెడ్డి, ఆయన తమ్ముడు నాగిరెడ్డి, ఇరువురును తెలుగు చిత్రములకు పెద్దదిక్కైరి. ఇరువురును దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము పొందిరి. బి.ఎన్. రెడ్డి తీసిన 'బంగారుపాప'కు మూలము జార్జి ఎలియట్ 1861లో వ్రాసిన ఇంగ్లీషు నవల 'సైలస్ మార్నర్'. లోకమునకు దూరమైన ఒంటరివాని హృదయమును ఒక అనాథశిశువు మార్చుట ఆ నవలకు ప్రాణము. దేశము మారినది, పేర్లు మారినవి, పాలగుమ్మి పద్మరాజు కలమున భాష తెలుగైనది, ప్రాణము మారలేదు. ఎస్.వి. రంగారావు నటన చూచి కన్నీరు పెట్టిన మన తల్లులకు ఆ ఇంగ్లీషు నవల పేరు తెలియదు. అయినను ఆ రచయిత్రి చెప్పదలచినది వారికి చేరినది. ఆయన 1951లో తీసిన 'మల్లీశ్వరి'కి బుచ్చిబాబు నాటిక 'రాయలవారి కరుణకృత్యము'ను, దేవన్ శరార్ వ్రాసిన ఒక ఇంగ్లీషు కథయును ఆధారములు. దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటలతో, పాటలతో ఆ చిన్న విత్తులు మఱియొక వృక్షమైనవి.

నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించిన 'పాతాళభైరవి' 1951లో మన గ్రంథాలయములలో అట్టలు నలిగిన 'కాశీమజిలీ కథల'నుండి పుట్టినది. వారి 'మాయాబజార్' 1957లో వచ్చినది. శశిరేఖ వ్యాసభారతములో లేదు. ఆమె జనులు చెప్పుకొన్న కథలలోనిది. పాండవుల బంధువర్గమంతయు తిరుగాడు ఆ చిత్రమున పాండవులు ఒక్కసారియైనను కనబడరు. అయినను శ్రీకృష్ణుడు శ్రీకృష్ణునివలె, ఘటోత్కచుడు ఘటోత్కచునివలె మాటాడుదురు. సంఘటనలు కల్పితములైనను స్వభావములు తప్పలేదు. అందుచేతనే భారతము చదివినవాడును, చదువనివాడును ఆ చిత్రమును పక్కపక్కన కూర్చుండి చూడగలుగుచున్నారు.

పులివెందుల ప్రాంతముననే సింహాద్రిపురము మండలములోని పైడిపాలెమున పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి, అనువాదమునందలి చిక్కులను గూర్చి 'అనువాద సమస్యలు' అను గ్రంథము వ్రాసి, 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమునకు పాత్రుడైరి. ఒకే ప్రాంతము గ్రంథమును తెరకు తెచ్చినవారిని, ఒక భాషనుండి మఱియొక భాషకు తెచ్చుట యందలి కష్టమును విచారించినవానిని కన్నది. కావున ఈ ప్రశ్నను కేకలతో గాక విచారముతో పరిష్కరించుట మనకు తగును.

నా పరిమితమైన చదువునుబట్టి మూడు నియమములు చెప్పెదను. మొదటిది, ఋణమును చెప్పుకొనవలెను. నన్నయ వ్యాసుని, శ్రీనాథుడు హర్షుని పేర్కొనక కావ్యము వ్రాయలేదు. గ్రంథమునుండి కథను గైకొని రచయిత పేరు దాచుట అప్పు తెచ్చి పత్రము చింపుటవంటిది. రెండవది, కథకు ప్రాణమైనదానిని, పాత్రల స్వభావమును మార్చరాదు. మిగిలిన సంఘటనలను తగ్గించవచ్చును, పెంచవచ్చును, వరుస మార్చవచ్చును. మూడవది, మార్పు రసముకొఱకు వచ్చెనా, అంగడికొఱకు వచ్చెనా అని అడుగవలెను. ఆనందవర్ధనుడు ఇచ్చిన అనుమతి మొదటిదానికే గాని రెండవదానికి కాదు. అంగడి లేక చిత్రము లేదని నేనెఱుగుదును. అయినను అంగడి చేసిన మార్పును కళ చేసిన మార్పని పిలువరాదు.

ఈ మూటితో 'కొండపొలం' లెక్క చూతము. మొదటి నియమమున చిత్రమునకు పూర్తి జమ వేయవలెను. నవల పేరునే చిత్రమునకు పెట్టిరి, రచయితను దాచలేదు. రెండవదానిలో అధికభాగము జమయే. అడవివలన మనుష్యుడు నేర్చుకొనుట అను ప్రాణము చిత్రమున నిలిచినది. తెరమీద గొఱ్ఱెలమంద కదలుచుండగా మన కాపరులు తమ బ్రతుకును మొదటిసారి పెద్ద తెరపై చూచుకొనిరి. మూడవదానియొద్ద నేను మొదటి పక్షము చెంత నిలుతును. నాయికను చేర్చుటయే దోషమని కాదు. మూలములో లేని ఉడుతను ఒప్పుకొన్న నేను ఓబులమ్మను కాదనలేను. కాని ఉడుత రామకథకు సేవ చేసినది. ప్రేమకథ గొఱ్ఱెల కథకు ఎంత సేవ చేసినది? నవలలో పాఠకుని పట్టి యుంచునది నీటికుంట ఎచ్చటనో ఎఱిగిన ముదుసలి కాపరుల విద్య, మందకు రోగము వచ్చినచో ఇంటిల్లిపాది బ్రతుకు పోవునను బెంగ. పాటకు, ప్రేమకు ఇచ్చిన ప్రతి నిమిషమును వీనినుండియే తీయవలసివచ్చును. ఆ మేరకు ఋణము తీరలేదని నా తీర్పు. ఇది ఎగవేసిన అప్పు కాదు. కొంత బాకీ మిగిలిన అప్పు.

ఆ బాకీని ఎవరు తీర్చవలెను? చిత్రము తీసినవారు తమ పని ముగించి వెడలిరి. మిగిలినది మన పని. చిత్రము చూచినవాడు నవల చదివినచో ఆ బాకీ ఆతని విషయమున తీరినట్లే. గ్రంథాలయ ముండవలసిన కారణములలో ఇది యొకటి. తెరమీది కథ నిమిషములో ఊరంతయు ప్రాకును. మూలము చదువువాడు లేకున్న యెడల కొన్నాళ్ళకు తెర చూపినదే జరిగినదని, తెర చూపనిది జరుగనే లేదని పిల్లలు నమ్ముదురు. భారతములోని శకుంతల మనకు అట్లే దూరమైనది. కొండపొలము పోయిన మన తాతలు కూడ అట్లే దూరము కాగలరు. వారి విద్యకు వ్రాతలో సాక్ష్యము చాల తక్కువ. కావుననే మొదటి పక్షమువారి కోపమును నేను చులకన చేయను. వారు పోరాడునది ఒక కథకొఱకు మాత్రమే కాదు, తమ యింటివారి జ్ఞాపకముకొఱకు.

1820లో కడపకు వచ్చిన బ్రౌను దొర వేమన పద్యముల ప్రతులను పెక్కింటిని సేకరించి, ఒకదానితో నొకటి పోల్చి చూచి, 1829లో అచ్చు వేయించెను. ఇంకొక దేశమువాడు చేసిన ఆ శ్రమలో మనకొక పాఠము కలదు: ఒకే ప్రతిని నమ్మరాదు, రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. ఆ పద్ధతిని మనము చిత్రములకును వర్తింపజేయవచ్చును.

అందుచే మన గ్రంథాలయ సంఘమునకు ఒక చిన్న విన్నపము చేయుచున్నాను. గ్రంథమునుండి చిత్రము వచ్చినప్పుడెల్ల ఆ గ్రంథము ప్రతులను రెండింటిని కొని, ముందువరుస అరలో నుంచవలెను. నెలకొక ఆదివారము ఆ గ్రంథమునుండి ఒక ఘట్టమును చదివించి, చిత్రమున దానిని ఎట్లు చూపిరో చెప్పించి, ఉభయపక్షములవారిని మాటాడనీయవలెను. గ్రంథము చదువనివాడు మూలమును పొగడరాదు, చిత్రము చూడనివాడు దానిని దూషింపరాదు అను నియమ మొక్కటి చాలును. చదువురాని గొఱ్ఱెల కాపరిని కూడ ఆ సభకు పిలువవలెను. నవలలోను తెరమీదను ఉన్నదానిలో ఏది నిజమో చెప్పుటకు ఆతనికంటె అర్హుడు లేడు.

యువకులారా! మీరు వాదింపుడు, వాదమువలననే గ్రంథము బ్రతికియుండును. ఎవరును వాదింపని గ్రంథము అరలో చెదలకు ఆహారమగును. కాని వాదమునకు ముందు రెంటిని ఎదుట పెట్టుకొనుడు. మూలమును నకలువలె కోరవలదు, ఋణమును మఱచిపోనీయవలదు. ఇరువదియైదేండ్లు ఈ దీపమును ఆరిపోకుండ కాపాడిన పెద్దలకు వందనములు.